హెవ్వా కేక వినబడితే

ఇంగ్లండులో ఉద్యోగం కొత్తలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు కాలం చేశారని ఆవిడ కూతురు మొన్న ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. ఆ కబురు విన్న దగ్గరనుంచి కార్న్‌వాల్ ఉత్తర తీరంలోని న్యూకీ పట్నం, అక్కడి కొండకొమ్ము మీద సున్నం కొట్టిన చిన్న కట్టడం, దాని పక్కన నిలబడి ఆవిడ చెప్పిన సంగతులు, వాటితో పాటే నేను పెరిగిన భీమిలిలో జాలారిపేట వెనక ఉండిన ఇసుకదిబ్బ, ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వస్తున్నాయి. ఈ రెండు చోట్లా ఒకే పని చేసిన మనుషులు ఉండేవారు. చేపల గుంపు ఒడ్డుకు చేరువగా వస్తున్నదేమోనని ఎత్తైన చోట నిలబడి కనిపెట్టడం, కనబడగానే కిందివాళ్ళకు తెలియజేయడం, పడవను సైగలతో నడిపి వలను సరైన చోట వేయించడం వాళ్ళ పని. అటువంటి మనుషులను ఆవిడ కథలుగా విన్నారు, నేను కళ్ళారా చూశాను. ఆవిడ విన్నదీ నేను చూసిందీ ఒక్కచోట రాసి పెట్టాలని ఇప్పుడు బలంగా అనిపిస్తోంది.

నేను పనిచేసిన ఆసుపత్రి న్యూకీకి కొంత దూరంలో, ట్రూరోలో ఉండేది. రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సులో తిరిగి వచ్చేసరికి ఊరు అప్పుడే లేస్తూ ఉండేది. వేసవిలో అలల మీద పలకలతో ఆడుకునే కుర్రవాళ్ళతో కిటకిటలాడే ఆ ఊరు, చలికాలం వచ్చేసరికి సగం దుకాణాలు మూసుకుని గాలికీ వానకీ తలవంచుకుని ఉండేది. ఆ చలికాలంలోనే ఆవిడకూ నాకూ స్నేహం కుదిరింది. నాది సముద్రపుటూరే అని తెలిసిన రోజున ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఊళ్ళో చేపను ఎవరు చూసేవారు?" అని. ఎవరు పట్టేవారు అని కాదు, ఎవరు చూసేవారు అని. ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి ఆ దేశంలో దొరుకుతుందని నేను అనుకోలేదు. మా ఇసుకదిబ్బ మీద కూర్చుని చేపను కనిపెట్టే దిబ్బ తాత గురించి నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టేసి విన్నారు.

వాన లేని ఆదివారం ఆవిడ నన్ను టోవన్ హెడ్‌లాండ్ అనే కొండకొమ్ము వైపు నడిపించుకు వెళ్ళారు. రేవును, దాని ముందున్న అఖాతాన్ని చూస్తూ అక్కడొక చిన్న తెల్లటి కట్టడం ఉంది. మందపాటి గోడలు, బయటనుంచి పైకి వెళ్ళే రాతి మెట్లు, పొగగొట్టం, సముద్రం కనబడేలా వదిలిన సందులు. పూర్వం అక్కడొక సన్యాసి ఉండి రాత్రివేళ నిప్పు వెలిగించి ఓడలకు దారి చూపేవాడని ఊళ్ళో చెప్పుకుంటారు. తరువాతి కాలంలో అది చేపల కావలివాళ్ళ గుడిసె అయింది. ఆ కావలివాణ్ణి అక్కడ హ్యూవర్ అంటారు. పూర్వం బాల్కర్, కాండర్ అనే పేర్లు కూడా ఉండేవి. వాటిని ఇప్పుడు అక్కడివాళ్ళే ఎరగరు. ఆవిడ తాతగారు పడుచుతనంలో ఆ పని చేశారు. మెట్ల మీద మూడో మెట్టు అంచు అరిగి ఉంటే దాన్ని చేత్తో తడిమి, "ఈ అరుగుదలలో మా తాతది కూడా కొంత ఉంది" అన్నారు.

ఆయన చూసింది పిల్‌చర్డ్ చేపను. మన కవళ్ళ కుటుంబానికే చెందిన చేప అది. వేసవి చివరి నుంచి శరత్కాలం దాకా లక్షల సంఖ్యలో గుంపులు కట్టి ఆ తీరానికి వచ్చేది. గుంపు వస్తుంటే నీటి మీద ఎరుపూ ఊదా కలిసిన మచ్చ కదులుతున్నట్టు కనబడేదట. దాని పైన తెల్లటి పెద్ద పక్షులు రెక్కలు ముడుచుకుని నిలువునా నీళ్ళలోకి దూకేవట. అది కంటబడగానే హ్యూవర్ పొడవాటి రేకు బాకా ఎత్తి "హెవ్వా! హెవ్వా!" అని కేక పెట్టేవాడు. ఆ కేకకు ఊరు ఊరంతా చేస్తున్న పని వదిలేసి రేవుకు పరుగెత్తేది.

అసలు పని ఆ తరువాతే మొదలయ్యేది. పడవలో ఉన్నవాడి కంటికి నీటి మట్టంలో ఏమీ కనబడదు. తన చుట్టూ చేపే ఉన్నా తెలియదు. అందుకని కొండ మీదివాడే వాళ్ళకు కన్ను. రెండు చేతుల్లో రెండు ముళ్ళపొదల కొమ్మలకు గుడ్డ చుట్టి పట్టుకుని, వాటిని ఒక్కో తీరున ఊపుతూ పడవను కుడికో ఎడమకో తిప్పేవాడు, ఆపేవాడు, వల వదలమనేవాడు. పావు మైలు దాకా పొడవుండే వలను పెద్ద పడవ గుంపు చుట్టూ వదులుతూ పోయేది, వెనకనే వచ్చే రెండో పడవ సందు మూసేది, మూడో చిన్న పడవలో వల పెద్ద ఉండేవాడు. చుట్టేసిన వలను లంగర్లతో నిలబెట్టి, దాని లోపలే చిన్న వల వేసి, బుట్టలతో తోడుకునేవారు. పెద్ద గుంపు పడితే తోడడానికి రోజుల తరబడి పట్టేది. 1602లో కార్న్‌వాల్ గురించి రాసిన రిచర్డ్ కేరూ అనే ఆయన కూడా ఈ కావలివాడు కొండ మీద నిలబడి బిగ్గరగా అరుస్తాడనీ, నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేస్తాడనీ, చేతిలో పొద పట్టుకుని రకరకాల సైగలు చేస్తాడనీ రాశాడు. ఆవిడ తాతగారు చేసిన పనికీ దానికీ దాదాపు మూడు వందల ఏళ్ళ ఎడం ఉన్నా తేడా దాదాపు ఏమీ లేదు. పనిలో ఉన్న నేర్పు ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్నదే కనుక అంతకాలం చెక్కుచెదరకుండా నిలిచిందని నా నమ్మకం.

* * *

భీమిలిలో మా నాన్నగారు బడిపంతులు. మా ఇంటికీ సముద్రానికీ మధ్య కొన్ని సరుగుడు చెట్లూ, జాలారిపేటా ఉండేవి. పేటకు దక్షిణంగా, జీడితోట అంచున, ఎత్తైన ఇసుకదిబ్బ ఒకటి ఉండేది. దాని మీద రెండు తాడిచెట్లు, వాటి నీడలో ఒక ముసలాయన. పేరు ఏదో ఉండేది గాని, పిల్లలందరికీ ఆయన దిబ్బ తాత. నడుముకు గోచీ, తలకు తువ్వాలు, చేతిలో పొగచుట్ట. తెల్లవారకముందే వచ్చి కూర్చునేవాడు. గాలి తిరిగి ఎండ నెత్తికెక్కే వేళకు కిందికి దిగేవాడు. సెలవురోజుల్లో నేను ఆయన దగ్గరకు చేరేదాన్ని. ఆడపిల్ల దిబ్బల వెంట తిరగడమేమిటని మా నాయనమ్మ కేకలేసేది కాని, ఆ తాత దగ్గరికే అని తెలిసి ఊరుకునేది.

అందరూ అనుకుంటారు, అలాంటివాడు సముద్రం వైపు కళ్ళప్పగించి చూస్తూ కూర్చుంటాడని. తాత అలా చూసేవాడు కాదు. కళ్ళు సగం మూసి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, ఉత్తరం కొసనుంచి దక్షిణం కొసదాకా చూపును నెమ్మదిగా లాగేవాడు. మధ్యలో ఎక్కడా ఆగేవాడు కాదు. కొస చేరాక కాసేపు ఇసుక వైపు చూసి, మళ్ళీ మొదటినుంచి లాగేవాడు. ఎందుకలా అని అడిగితే, "ఒక్కసోటే సూత్తే కన్ను మోసం సేత్తాది పాపా. తిప్పుకుంటా పోతే మారిందేదో అదే తగుల్తాది" అన్నాడు. ఆ మాట తరువాత నా వృత్తిలో నాకు ఎంత పనికి వచ్చిందో చెప్పలేను. పసిపిల్లల వార్డులో వరుసగా మంచాల వెంట నడుస్తూ ఏ బిడ్డలో మార్పు వచ్చిందో చూసుకోవడం నాకు ఆయనే నేర్పాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఒకరోజు నేను నల్లటి మచ్చ చూసి గంతులేస్తూ చూపించాను. తాత చూసి తల అడ్డంగా తిప్పాడు. "అది సేప కాదు, మబ్బు నీడ. నీడకి అంచుండదు, సేపకి అంచుంటాది." కాసేపటికి ఆ మచ్చ గాలితో పాటు ఒడ్డుకు వచ్చి ఇసుక మీదకు ఎక్కి మా మీదుగా పోయింది. అసలైన గుంపు వచ్చిన ఇంకో రోజున తేడా నాకే తెలిసింది. నీటి రంగు ముదిరి ఉన్న మేర, ఎండలో చినుకులు పడుతున్నట్టు పైభాగం సన్నగా చిటచిటలాడింది. అవి కవళ్ళు అన్నాడు తాత. కానాగంతలైతే ఇంకా వేగంగా కదులుతాయనీ, నెత్తళ్ళైతే పక్షులు ముందు చెబుతాయనీ అన్నాడు. అంటూనే లేచి నిలబడి తలకున్న తువ్వాలు లాగి గిరగిర తిప్పాడు.

కింద పేటలో గోల మొదలైంది. మేకులు లేకుండా పలకలను కొబ్బరితాడుతో కుట్టిన పడవను అలల్లోకి నెట్టారు. అలివి వల దాని మీద మడతలు మడతలుగా పేర్చి ఉంది. వల తాడు ఒక కొస ఒడ్డున ఒక జట్టు చేతిలో ఉంచి, పడవ తాడు వదులుతూ లోపలికి పోయి, చేపను చుట్టి, రెండో కొసతో ఇంకో చోట ఒడ్డుకు తిరిగి రావాలి. ఆ చుట్టు ఎక్కడ తిరగాలి, ఎంత లోపలికి పోవాలి అన్నదంతా తాత చేతి మీద ఉంది. పడవ ముక్కు మీద నిలబడ్డవాడు సముద్రం వైపు చూడడం లేదు, వెనక్కి తిరిగి దిబ్బ వైపే చూస్తున్నాడు. నాకు ఆ దృశ్యం అన్నిటికంటే బాగా గుర్తుంది. అంతమంది బలమైన మగవాళ్ళు, అలల మీద, తమ ముందున్నది చూడకుండా అంత దూరాన నిలబడ్డ ఒక ముసలాయన చేతిలోని గుడ్డపీలికను నమ్ముకుని పోతున్నారు.

చుట్టు పూర్తయ్యాక "ఐలేసా" మొదలయ్యేది. రెండు జట్లూ మడమలు ఇసుకలో తన్నిపట్టి వెనక్కి వాలుతూ లాగేవారు. వల దగ్గర పడేకొద్దీ జట్లు ఒకదానికొకటి చేరువగా జరిగేవి. పాడేవాడు ఒకడు, పల్లవి అందుకునేవారు అందరూ. వల సంచి ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్ళు గంపలతో సిద్ధంగా ఉండేవారు. వాటాలు అక్కడే ఇసుక మీద కుప్పలుగా పడేవి, వలకు ఇంత, పడవకు ఇంత, మనిషికి ఇంత. దిబ్బ తాత వాటా ఎవరో ఒకరు పైకి తెచ్చి ఇచ్చేవారు. ఆయన ఎప్పుడూ కిందికి వచ్చి అడగడం నేను చూడలేదు.

* * *

ఈ వాటా సంగతి చెప్పినప్పుడు న్యూకీ ఆవిడ ఎంతో సంతోషించారు. హ్యూవర్‌కు కూడా కూలితో పాటు పట్టిన చేపలో భాగం ఉండేదట. తరువాత మాట ఆడవాళ్ళ పని మీదికి మళ్ళింది. రేవు దగ్గర రాతి కొట్లలో ఆడవాళ్ళు ఒక వరుస ఉప్పు, ఒక వరుస చేప చొప్పున గోడలా పేర్చి వారాల తరబడి ఉంచేవారనీ, తరువాత కడిగి పీపాల్లో గుండ్రంగా సర్ది, పైన బరువు వేసి నొక్కితే కారిన నూనె దీపాలకు వాడేవారనీ చెప్పారు. ఆ పీపాలు ఎక్కువగా ఇటలీకి పోయేవి. మాంసం ముట్టని ఉపవాస దినాల్లో అక్కడి కాథలిక్కులకు ఈ ఉప్పుచేపే ఆధారం. 1847లో ఒక్క ఏడాదే కార్న్‌వాల్ నుంచి 40,000 పీపాలకు పైగా ఎగుమతి అయ్యాయి, పీపాకు సుమారు 3,000 చేపలు. ఆ అంకె విన్నప్పుడు నాకు మా పేట ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ మీద నుంచి వచ్చే ఘాటైన వాసన, వాటిని కాకుల నుంచి కాయడానికి కర్ర పట్టుకు కూర్చున్న పిల్లలు, మోకాళ్ళ దాకా చీరలు ఎగగట్టి గంపలు మోసుకుంటూ ఆనందపురం సంత వైపు నడిచిపోయే ఆడవాళ్ళు కళ్ళముందు కదిలారు. చూసినవాడి పేరైనా కొంత మిగిలింది. ఎండబెట్టినవాళ్ళ పేర్లు ఏ ఒడ్డునా మిగలలేదు.

హెవ్వా కేక వినబడగానే ఇళ్ళలో ఆడవాళ్ళు ఒక రొట్టె పొయ్యిలో పెట్టేవారట, మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని. ఆవిడ దాన్ని హెవ్వా కేక్ అనేవారు. పిండి, వెన్న, చక్కెర, ఎండుద్రాక్ష, కొద్దిగా పాలు. గుడ్డు లేదు, పొంగించే మందు లేదు. పిండిని బొటనవేలి మందాన పరిచి, మొద్దుకత్తితో ముందు ఇటునుంచి అటు, తరువాత అటునుంచి ఇటు ఏటవాలుగా గీతలు గీసేవారు. అది వల. కొన్ని గీతలు మరీ లోతుగా పడితే వేలితో నొక్కి మూసేవారు, వల చిరిగితే చేప పోతుంది గదా అని. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆ వెన్న వాసన వస్తుంటే, ఆవిడకు ఆ రోజు తన తాత గుర్తుకు వచ్చారని నాకు అర్థమయ్యేది. మా అమ్మ పంపిన చేగోడీలు పెడితే ఆవిడ పళ్ళు ఆనక టీలో నానబెట్టుకుని తినేవారు.

ఆవిడే ఒకసారి చట్టం మాట చెప్పారు. ఇది విని నేను మరీ ఆశ్చర్యపోయాను. కొండ ఎవరిదో ఒకరి సొంత భూమి కదా. కావలివాళ్ళు చేప కోసం తమ నేలలో అడుగు పెట్టినందుకు భూస్వాములు వాళ్ళ మీద దావాలు వేసేవారు. దాంతో 1603లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, ఒక చట్టం వచ్చింది. బాల్కర్లు, హ్యూవర్లు, కాండర్లు చేపల కాలంలో సముద్రం పక్కనున్న ఏ ఎత్తైన నేల మీదికైనా వెళ్ళి కావలి కాయవచ్చుననీ, దానికి ఎవరూ వాళ్ళను కోర్టుకు ఈడ్వకూడదనీ ఆ చట్టం చెప్పింది.

మా దిబ్బకూ అదే తగాదా వచ్చింది. జీడితోట యజమాని దిబ్బతో సహా తనదేనని ముళ్ళకంచె వేయించాడు. తాత కంచె అవతల నిలబడి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు పేట పెద్దలు ఆ యజమాని అరుగు మీద కూర్చుని మాట్లాడారు. మా నాన్నగారిని కూడా రమ్మని పిలిచారు. దిబ్బ ఎవరిదన్న మాటే ఎత్తకుండా, "బాబూ, ఆయన సూడకపోతే మాకు కూడు నేదు" అన్న ఒక్క మాట మీదే నిలబడ్డారు. చివరకు కంచెలో ఒక మనిషి పట్టేంత సందు వదలడానికి ఆయన ఒప్పుకున్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ సందు చివరిదాకా అలాగే ఉంది. మరో దేశంలో దీని కోసం రాజశాసనమే వచ్చిందని దిబ్బ తాతకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

* * *

కార్న్‌వాల్‌లో కథ ముందే ముగిసింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా పిల్‌చర్డ్ గుంపులు ఒడ్డుకు దగ్గరగా రావడం తగ్గిపోయింది. పడవలు లోపలికి పోయి వలలు వదిలి పట్టుకోవడం పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలకు హ్యూవర్ కేక ఆగిపోయింది. ఆ చేప మాత్రం మళ్ళీ వచ్చింది. ఇప్పుడు దాన్ని కార్నిష్ సార్డీన్ అనే కొత్త పేరుతో అమ్ముతున్నారు, రింగు వలలతో పడుతున్నారు, గుంపు ఎక్కడుందో పడవలోని తెర చూపిస్తుంది.

మన వైపు అది నా కళ్ళముందే జరిగింది. విశాఖ హార్బరు నుంచి మరపడవలు వచ్చాయి, నైలాను వలలు వచ్చాయి, కుట్టుపడవల స్థానంలో ఇంజను బిగించిన ఫైబరు తెప్పలు వచ్చాయి. అలివి వల లాగడానికి కావలసినంతమంది మనుషులు పేటలో దొరకడం కష్టమైంది. మన ఉత్తర తీరం కుర్రవాళ్ళు ఎందరో గుజరాత్ వెళ్ళి వెరావల్ బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. దిబ్బ తాత చివరి రోజుల్లో కూడా దిబ్బ ఎక్కేవాడని మా అమ్మ ఉత్తరంలో రాసింది. ఆయన తువ్వాలు తిప్పితే చూసి పడవ దింపేవాళ్ళు అప్పటికి లేరు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నేను ఆ మధ్య భీమిలి వెళ్ళినప్పుడు దిబ్బ సగం రోడ్డుకు పోయింది. తాడిచెట్లు లేవు. పేటలో తాత మనవణ్ణి కలిశాను, అతనిదీ నాదీ ఒకే వయసు. "అక్కా, నీకు గురుతున్నాయా ఆ సైగలు?" అని అతనే అడిగాడు. ఇద్దరం ఇసుకలో నిలబడి, నా చున్నీ తీసుకుని, ఒకరికి గుర్తున్నది ఒకరికి చేసి చూపించుకున్నాం. మేం కూడబలుక్కున్నవి ఇవి. తువ్వాలు తల మీద గిరగిర తిప్పితే గుంపు కనబడింది, పడవ దింపండని. ఒక చేత్తో చాపి ఉత్తరానికో దక్షిణానికో ఊపితే పడవ ముక్కు అటు తిప్పండని. రెండు చేతులా ఎత్తిపట్టి ఒక్కసారిగా కిందికి విసిరితే వల వదలండని. తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుండిపోతే గుంపు చెదిరింది, ఆగండని. చుట్టు మూసే ముందు చేసే సైగ ఒకటి ఉండేదని ఇద్దరికీ తెలుసు, అదేమిటో ఇద్దరికీ గుర్తు రాలేదు.

బారువలో గాని, పూడిమడకలో గాని, ఉప్పాడలో గాని మీ పెద్దవాళ్ళెవరైనా అలివి వల లాగి ఉంటే దయచేసి అడగండి. చుట్టు మూయమని దిబ్బ మీదినుంచి ఎలా చెప్పేవారో, తువ్వాలుతోనా, కొమ్మతోనా, ఒట్టి చేతులతోనా, అడిగి నాకు రాయండి. మనవడు నెలకొకసారి ఫోన్ చేసి దొరికిందా అక్కా అని అడుగుతున్నాడు.